నఖ్త్ సమాధి నుంచి రెండు నకళ్లు: పని డైరీ

జూన్ మొదట్లో

ఈసారి చేతిలోకి తీసుకున్న పని ఇది. లక్సర్ ఊరికి ఎదురుగా, నైలు పడమటి ఒడ్డున ఉన్న నఖ్త్ సమాధిలోని గోడబొమ్మల్లోంచి రెండు ముక్కలకు నకలు వేయాలి. ఒకటి, కుర్చీ కింద కూర్చుని చేప తింటున్న పిల్లి. రెండోది, విందులో వాయిద్యాలు వాయిస్తున్న ముగ్గురు అమ్మాయిలు.

థీబ్స్ (లక్సర్ పాత పేరు) సమాధుల వరసలో దీని నంబరు 52. నఖ్త్ రాజేమీ కాదు. అమున్ దేవుడి గుడిలో గంటల లెక్క చూసే పూజారి, లేఖకుడు. భార్య తావీ అదే గుడిలో గాయని. కాలం క్రీ.పూ. 1400 ప్రాంతం, నాలుగో థుట్మోస్ రాజు రోజులు. సమాధిలో బొమ్మలున్నది ఒక్క చిన్న అడ్డగదిలోనే, అందులోనూ కొన్నిచోట్ల పని సగంలో ఆగిపోయింది. అయినా ఆ కొండ మీదున్న సమాధుల్లో జనం ఎక్కువగా చూసేవాటిలో ఇదొకటి. ఇప్పుడు గోడలకు అడ్డంగా గాజు పలకలు పెట్టారు.

నేను అక్కడికి వెళ్లలేదు. నా దగ్గరున్నవి గోడల ఫొటోలు, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఉచితంగా ఇచ్చే పెద్ద సైజు బొమ్మలు. హక్కుల గొడవ లేని తమ కలెక్షన్ ఫొటోలను 2017 నుంచి ఎవరైనా వాడుకోవచ్చని వాళ్లు తలుపులు తీశారు. ఆ బొమ్మలు కూడా నకళ్లే. వేసింది డేవిస్ దంపతులు, వాళ్ల బృందం.

నార్మన్, నీనా డేవిస్ 1907లో పెళ్లి చేసుకుని, అదే ఏడాది ఆ మ్యూజియం తరఫున, ఈ సమాధులున్న కుర్నా కొండ కింద కాపురం పెట్టారు. నార్మన్ అంతకుముందు పాస్టరు. నీనా లండన్‌లో చిత్రకళ చదువుకున్న మనిషి. మూడు దశాబ్దాలు ఒక్కో సమాధిలో దూరి, గోడ మీద ఉన్నది ఉన్నట్టు కాగితం మీదికి ఎక్కించారు. అప్పటికి రంగు ఫొటోలు ఇంత పనికి చాలేవి కావు. మ్యూజియం ఫొటోగ్రాఫర్ హ్యారీ బర్టన్ బయటి ఎండను అద్దాలతో లోపలికి మళ్లించి ఫొటోలు తీసేవాడు, కానీ అవి నలుపు తెలుపు. రంగు కావాలంటే చేత్తో వేయాల్సిందే.

మొదలుపెట్టే ముందే ఒకటి తేల్చుకోవాలి: నేను దేనికి నకలు వేస్తున్నాను? డేవిస్‌ల కాగితానికా, నఖ్త్ గోడకా? రెండూ ఒకటే అనుకుంటే పని తేలిక. కానీ అవి రెండు వేరు వేరు వస్తువులు. గోడ మట్టి, జిప్సం, బంక. డేవిస్‌లది కాగితం, గుడ్డు. గోడ వేసినవాడికి గీతలు, పెచ్చులు ఊడిన మచ్చలు తెలియవు. డేవిస్‌లు వాటినీ రంగుతోనే వేశారు, ఎందుకంటే వాళ్లకు కావాల్సింది ఆ గోడ ఆ రోజున ఎలా ఉందన్న రికార్డు.

అందుకే రెండు ముక్కలు తీసుకున్నాను. పిల్లిని కాగితం మీద గుడ్డుతో వేస్తాను, దెబ్బలతో సహా. అమ్మాయిలను మట్టి పలక మీద తుమ్మబంకతో వేస్తాను. దాని మీద ఒక్క పగులు కూడా గీయను.

జూన్ చివర

పిల్లికి కాగితం: మూడువందల జీఎస్ఎం కాటన్ పేపర్, నునుపు రకం. గుడ్డు రంగు ఆరాక పెళుసుగా ఉంటుంది, కాగితం వంగితే చిట్లుతుంది. కాబట్టి ముందే దాన్ని ఎండీఎఫ్ చెక్కకు అంటించేశాను.

బొమ్మను అసలు సైజులో ముక్కలు ముక్కలుగా ప్రింటు తీయించాను. ప్రింటు గీతల కోసం మాత్రమే. రంగు కోసం దాన్ని చూడకూడదు, ఒక షాపులో పిల్లి గోధుమరంగులో వస్తే ఇంకో షాపులో ఆకుపచ్చ జీర కొట్టింది. గీతలను ట్రేసింగ్ పేపర్ మీదికి దించి, వెనకవైపు జేగురు రుద్ది, కాగితం మీద పెట్టి సూదిలాంటి పెన్సిల్‌తో నొక్కాను. డేవిస్‌లు కూడా ట్రేసింగ్‌తోనే మొదలుపెట్టేవాళ్లు.

ఇక గుడ్డు. పచ్చసొనను తెల్లసొన నుంచి విడదీసి, అరచేతుల్లో అటూ ఇటూ మార్చుకుంటూ తడి ఆరనివ్వాలి. తర్వాత రెండు వేళ్లతో పొర పట్టుకుని పైకెత్తి, కింద పొడిస్తే సొన గిన్నెలోకి జారుతుంది, పొర వేళ్లకే మిగులుతుంది. అందులో కాసిని నీళ్లు, రెండు చుక్కల వెనిగర్. రంగుపొడిని ముందే నీళ్లతో ముద్దగా నూరి పెట్టుకుని, అప్పటికప్పుడు సొనతో కలుపుకోవాలి. మధ్యాహ్నం కలిపింది సాయంత్రానికి వాసన వస్తుంది. ఇంట్లోవాళ్ల ముక్కులు నాకంటే ముందు కనిపెడతాయి.

నాటుకోడి గుడ్డా, ఫారం గుడ్డా అన్న ప్రశ్న ఇక్కడా ఉంది! ఇటలీ పాత చిత్రకారుల చేతిపుస్తకం ఒకటి, పడుచువాళ్ల ముఖాలకు పట్నం కోడిగుడ్డు, ముసలివాళ్ల ముఖాలకు పల్లెటూరి కోడిగుడ్డు వాడమంటుంది, పల్లె గుడ్డు సొన ముదురు పసుపు కాబట్టి. నేను ఫారం గుడ్డే తీసుకున్నాను. నేపథ్యం లేత నీలిబూడిద రంగు, ముదురు సొన కలిస్తే పచ్చగా తిరుగుతుందని భయం.

ఆ చేతిపుస్తకాన్ని 1899లో ఇంగ్లీషులోకి తెచ్చిన క్రిస్టియానా హెరింగ్‌హామ్‌కీ మన హైదరాబాద్‌కీ సంబంధం ఉంది. ఇంగ్లండ్‌లో మరుగునపడ్డ గుడ్డు రంగుల పద్ధతిని మళ్లీ తెచ్చినవాళ్లలో ఆమె ముఖ్యురాలు. తర్వాత 1909, 1911 మధ్య అజంతా వచ్చి గుహల బొమ్మలకు నకళ్లు వేసింది. అప్పుడు అజంతా నిజాం రాజ్యంలోది. ఆమెతో పనిచేసినవాళ్లలో కలకత్తా నుంచి వచ్చిన నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్‌లతో పాటు హైదరాబాద్ చిత్రకారులు సయ్యద్ అహ్మద్, ఫజలుద్దీన్ కూడా ఉన్నారు. అంటే నీనా డేవిస్ కుర్నాలో నకళ్లు వేస్తున్న ఆ ఏళ్లలోనే, మనవాళ్లు అజంతాలో అదే పని చేస్తున్నారు.

జులై

పిల్లి.

ముందు నేపథ్యం, తర్వాత ఒంటికి పసుపు మన్ను, కొద్దిగా జేగురు కలిపి ఒకే రంగు. పొట్ట కింద, గొంతు దగ్గర సుద్ద కలిపి లేతగా. ఇక్కడివరకూ సాదాసీదా పని.

బొచ్చు దగ్గరే ఆగిపోయాను, అంటే సంతోషంతో. స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే, ఈజిప్టు చిత్రకారుడు పిల్లి బొచ్చును ఎలా వేశాడో గీత గీతగా కనిపిస్తుంది. ఒంటి రంగు ఆరాక, దానికంటే కొంచెం ముదురు రంగుతో పొట్టి గీతలు, వెన్ను మీద ఒక దిక్కుకు, భుజం మీద దిక్కు మార్చి, తొడ దగ్గర గుండ్రంగా తిరిగి. ఆ తర్వాతే చారలు. చారలు కూడా ఒక్క పట్టీగా పూసినవి కావు. ఆ పొట్టి గీతలే దగ్గర దగ్గరగా వేసి ముదురు చేశాడు. అందుకే చార అంచు గట్టిగా తెగినట్టుండదు, బొచ్చులోకి కలిసిపోతుంది.

గుడ్డు రంగు కూడా సరిగ్గా ఇలాగే వేయాలి. ఆయిల్ రంగులా కలిపి రుద్దడానికి కుదరదు, కుంచె తీసేలోపు ఆరిపోతుంది. నీడ కావాలంటే సన్న గీతలు పక్కపక్కన వేయడమే దారి. గుడ్డు తెలియని ఆ చిత్రకారుడి చేతి కదలికకు, మూడు వేల ఏళ్ల తర్వాత డేవిస్‌ల చేతిలోని గుడ్డు రంగు అలా అతికింది. నీనా మొదట్లో వాటర్‌కలర్‌తో వేసి, తర్వాత టెంపెరాకు, అంటే గుడ్డు రంగుకు మారడానికి ఒక కారణం చిక్కదనం. వాటర్‌కలర్‌లో కాగితం తెలుపు కిందనుంచి తొంగిచూస్తుంది, సమాధి గోడ మీది రంగు అలా ఉండదు. బొచ్చు విషయం మాత్రం వేస్తే తప్ప నాకు తట్టేది కాదు.

అతి సన్నని ట్రిపుల్ జీరో కుంచె కొన ఎంత బాగున్నా, రంగులో నీళ్లు ఎక్కువైతే గీత చివర బొట్టు కడుతుంది. ప్రతిసారీ కుంచెను బట్ట మీద ఒకసారి ఒత్తి, గోరు మీద ఒక గీత గీసి చూసుకుని, అప్పుడు పిల్లి మీదికి వెళ్లాను. వెన్ను మీది భాగానికే ఒక ఆదివారం మొత్తం పట్టింది.

చేప తేలిక. పళ్లు పట్టిన చోట తప్ప.

దెబ్బల విషయం. పెచ్చులూడిన మచ్చలను చివర్లో పైన పూస్తే అవి మచ్చల్లా కాక, బురద చుక్కల్లా కనిపించాయి. గోడలో పెచ్చు ఊడిన చోట లోపలి పొర బయటపడుతుంది, అంటే అది రంగు కంటే లోతులో ఉంటుంది. కాబట్టి మచ్చ ఉన్నచోట కాగితాన్ని ముందునుంచే ఖాళీగా వదిలి, మట్టి రంగు అక్కడ పలచగా వేసి, చుట్టూ ఉన్న రంగును దాని అంచు దాకా తెచ్చి ఆపాలి. అప్పుడు కన్ను నమ్ముతుంది. బొమ్మ కంటే బొమ్మ లేని చోటికి ఎక్కువ ఓపిక కావాల్సి వచ్చింది.

ఆగస్టు, ముసురు

మట్టి పలక.

కుర్నా కొండ రాయి చాలాచోట్ల నాసిరకం, చెక్కితే ముక్కలుగా రాలుతుంది. అందుకని అక్కడి సమాధుల్లో చాలావాటిలో గోడలకు గడ్డి కలిపిన మట్టి పూసి, పైన జిప్సం పలచటి పూత వేసి, అది ఆరాక రంగులు వేశారు. తడి సున్నం మీద వేసే ఫ్రెస్కో కాదు ఇది, పొడి గోడ మీద పని.

నేను చెరువు మట్టి బస్తా తెచ్చి వరండాలో పెడితే, మా పిన్ని చూసి నవ్వింది.

"ఇదేం మట్టే? ఆరితే నెర్రెలు బారుతుంది. పుట్టమన్ను తెచ్చుకో."

"గడ్డి కలుపుతున్నాగా పిన్నీ."

"కలిపినా అంతే. ఆ గడ్డేంటి, వేలెడు పొడుగు? గోరంత కొయ్యి. నానబెట్టి నాలుగు రోజులుంచు, రోజూ తొక్కు. పేడ వేయవా?"

"ఈజిప్టువాళ్లు వేసినట్టు లేదు."

"నీ ఈజిప్టు నీదిలే. గడ్డన్నా సన్నగా కొయ్యి."

పుట్టమన్ను దొరికింది. పలకకు మెరైన్ ప్లైవుడ్, దాని మీద ఫెవికాల్‌తో గోనెపట్టా, మట్టి పట్టు కోసం. మట్టి రెండు దఫాలుగా, మొదటిది పూర్తిగా ఆరకముందే రెండోది. ముసురు వల్ల ఆరడానికి చాలా రోజులు పట్టింది, అది మంచికే అయింది. నెమ్మదిగా ఆరిన మట్టి పగలలేదు. మూలల్లో సన్న చీలికలు వస్తే అదే మట్టిని దోసెల పిండిలా పలచగా చేసి కుంచెతో నింపాను.

దాని మీద జిప్సం. మనకు దొరికేది ప్లాస్టర్ ఆఫ్ పారిస్, అదీ జిప్సమే. సుద్ద కలిపి, వెడల్పు బ్రష్‌తో రెండు పలచటి పూతలు. ఆరాక సన్న ఉప్పుకాగితం, ఆపైన తుమ్మబంక నీళ్లు ఒక చెయ్యి. బంక నీళ్లు పూయకపోతే జిప్సం రంగులోని తడి మొత్తం పీల్చేస్తుంది, కుంచె కదలదు.

చేర్యాల నకాషీవాళ్లు బట్టకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూస్తారు. ఆ పద్ధతిలో చిన్న ముక్క ఒకటి చేసి చూశాను. నిజం చెప్పాలంటే రంగు దాని మీద ఇంకా బాగా కూర్చుంది. కానీ ఈ పలక గోడకు నకలు కావాలి, కాబట్టి చింతగింజలు పక్కన పెట్టాను.

సెప్టెంబరు

గడులు.

నిలబడ్డ మనిషిని వేయాలంటే ఈజిప్టు చిత్రకారుడికి ఒక లెక్క ఉంది. అరికాలు నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత దాకా 18 గడులు. మోకాలు ఆరో గడి దగ్గర, నడుము వెనక వంపు పదకొండు దగ్గర, భుజాలు పదహారు దగ్గర. కూర్చున్న మనిషికి 14. బిగించిన పిడికిలి వెడల్పు ఒక గడి. ఈ గడులను దారం జేగురులో ముంచి, గోడకు బిగించి, లాగి వదిలి కొట్టేవాళ్లు. పూర్తికాని సమాధుల్లో ఆ ఎర్ర గడులు ఈనాటికీ కనిపిస్తాయి.

మా చెల్లి కొడుకు ఒక చివర పట్టుకుంటే నేను ఇంకో చివర పట్టుకుని దారం కొట్టాం. వాడి చొక్కా జేగురైంది. హార్ప్ అనే నిలువు తీగల వాయిద్యం వాయించే అమ్మాయిని ఈ గడుల్లో పెట్టి చూస్తే దాదాపు సరిపోయింది. జంట పిల్లనగ్రోవి ఊదే అమ్మాయీ అంతే.

మధ్యలో లూట్ (పొడుగు మెడ తీగల వాయిద్యం) వాయిస్తున్న పిల్ల మాత్రం ఈ లెక్కకు లొంగలేదు. ఒంటి మీద నగలు, మొలనూలు తప్ప ఇంకేమీ లేవు. కాళ్లు ఒక అడుగులో ఉన్నాయి, ఒళ్లు కొంచెం వంగింది, తల వెనక్కి తిప్పి పక్కనున్న అమ్మాయి వైపు చూస్తోంది. గడులు ఆమె కాళ్ల దగ్గర పనికొచ్చాయి. నడుము దాటాక కంటిచూపే ఆధారం. ఆ గోడ మీద ఆమెను వేసినప్పుడు కూడా ఇదే జరిగి ఉంటుందని నా అనుమానం. గడి గీసుకున్నవాడే గడి దాటాలనుకున్న చోటు అది. ముగ్గురిలో చూపు మొదట ఆమె మీదికే పోతుంది.

సెప్టెంబరు చివర

రంగులు. ఎరుపుకు జేగురు, మన కిరాణా షాపులో గడపలకు అమ్మేదే. ముతకగా ఉంటుంది. నీళ్లలో బాగా కలిపి, ఇసుక అడుక్కి దిగేదాకా ఆగి, పైనున్న ఎర్రనీళ్లను వేరే పళ్లెంలోకి వంచాలి. అది ఆరాక మిగిలే మెత్తటి పొడి కల్వంలో బంకతో నూరితే కొనుక్కున్న ట్యూబు రంగుకు ఏమాత్రం తీసిపోదు. నలుపుకు దీపం మసి. తెలుపుకు సుద్ద. పసుపుకు పసుపు మన్ను. ఈజిప్టువాళ్లు హరిదళం కూడా వాడారు, ఆ మెరిసే పసుపు మన్నుతో రాదు. కానీ అందులో ఉన్నది ఆర్సెనిక్, ఇంట్లో నూరే వస్తువు కాదు. వదిలేశాను.

బంక విషయంలో మాత్రం మనం ఎక్కడికీ పోనక్కర్లేదు. ఈజిప్టు గోడల రంగుల్లో పొడిని పట్టి ఉంచేవి చెట్ల బంక, జంతువుల జిగురు. నైలు ఒడ్డున పెరిగే తుమ్మ, మన చెరువు గట్ల మీద ఉండే నల్లతుమ్మ ఒకే చెట్టు.

నీలం ఒక్కటే విదేశం నుంచి తెప్పించాను, జర్మనీ క్రెమర్ కంపెనీది. ఈజిప్టు నీలం మట్టిలో దొరికేది కాదు, మనుషులు తయారుచేసింది. ఇసుక, సున్నం, రాగి, కొంచెం క్షారం కలిపి సుమారు 850 నుంచి 1000 డిగ్రీల వేడిలో కాల్చితే వచ్చే గాజులాంటి గట్టి ముద్ద. దాన్ని నూరితే రంగు. నూరేకొద్దీ పాలిపోతుంది. ముతకగా ఉంటే ముదురు నీలం, మెత్తగా చేస్తే ఆకాశం రంగు. ముతక పొడి బంకలో నిలబడదు, కుంచె కింద ఇసుకలా జరుగుతుంది. కంఠాభరణాల్లో ముదురు నీలం కావాల్సిన చోట బంక ఎక్కువ వేసి, కుంచెతో గీయకుండా చుక్కలుగా పెట్టుకుంటూ వెళ్లాను. మెత్తటి పొడిని సుద్దలో చిటికెడు, మసి ఇంకా తక్కువ కలిపితే నేపథ్యపు నీలిబూడిద వచ్చింది. మామూలు వెలుతురు పడ్డప్పుడు ఈ నీలం కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును వెనక్కి వదులుతుంది. అలాంటి వెలుగు పట్టే కెమెరాతో చూస్తే, రంగు దాదాపు రాలిపోయిన గోడ మీద కూడా నీలం ఉన్నచోటు తెల్లగా మెరుస్తుంది. మ్యూజియంవాళ్లు పాత నీలాన్ని అలాగే పట్టుకుంటున్నారు.

నేపథ్యానికి ఈతమట్ట చీల్చి, చివర రాయితో నలగ్గొట్టి చేసిన కుంచె వాడాను. అక్కడ కూడా పెద్ద పనికి తాటి, ఈత జాతి చెట్ల నారతో, సన్న పనికి రెల్లు కొన నమిలి చేసిన కుంచెలు దొరికాయి. నార కుంచె మొదట్లో విసిగించింది, ఒక పూట దాటాక దానికంటే బాగా నేపథ్యం పరిచే బ్రష్ లేదనిపించింది.

అక్టోబరు

ముందు ఒంటి రంగు ముగ్గురికీ ఒకేసారి. స్త్రీలకు లేత పసుపు, మగవాళ్లకు ఎరుపు అన్న పాత కట్టుబాటు ఈ అమ్మాయిల దగ్గర సడలింది. జేగురు, పసుపు మన్ను, సుద్ద కలిపితే వచ్చే గోధుమరంగు ఇది.

తర్వాత పలచటి తెల్లబట్టలు. ఒంటి రంగు మీద సుద్దను నీళ్లలా పలచగా ఒక్క పూత. రెండో పూత వేస్తే బట్ట మందమై, కాలు మాయమవుతుంది. బంకతో ఇదే చిక్కు, తడి కుంచె రెండోసారి తగిలితే కింది రంగు లేచి వస్తుంది. గుడ్డు అయితే ఆరాక కదలదు. కాగితం మీద ధీమాగా చేసిన పనిని మట్టి మీద ఊపిరి బిగబట్టి చేశాను. కాలు మీద బట్ట ఒక్కో వైపు ఒక్క కుంచె లాగుడులో అయిపోవాలి. టెన్షన్ అంటే అదే.

తల మీది శంకువులు తెల్లగా, పైన కాస్త పసుపు ఎరుపు జీరలతో. ఈ శంకువులు నిజంగా ఉండేవా, చిత్రకారుల ఊహా అన్నది చాలాకాలం వాదనలోనే ఉంది. ఈజిప్టులోనే అమర్నా అనేచోట పాత శ్మశానంలో 2010లో ఒకటి, 2015లో ఒకటి మనుషుల తలల మీదే దొరికాయి. మైనంతో చేసినవని 2019లో ప్రకటించారు.

జుట్టుకు మసి. పూర్తిగా నల్లగా నింపి, ఆరాక దాని మీద జడల గీతలు.

ఒక శనివారం హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియానికి వెళ్లొచ్చాను. అందరూ మమ్మీ కోసం వెళతారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొని తెచ్చిన ఆ ఈజిప్టు మమ్మీ 1930లో మ్యూజియానికి చేరింది. నేను వెళ్లింది అజంతా నకళ్ల కోసం. సయ్యద్ అహ్మద్ వంటివాళ్లు వేసినవి ఇక్కడే ఉన్నాయి. అజంతాకు అంతకుముందు రాబర్ట్ గిల్ ఏళ్ల తరబడి వేసిన నకళ్లు 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో చాలావరకు పోయాయి. తర్వాత గ్రిఫిత్స్ అనే చిత్రకారుడి బృందం మళ్లీ వేసినవాటిలో చాలా 1885లో ఇంకో అగ్నిప్రమాదంలో కాలాయి. గుహలో గోడ ఉంది, నకలు పోయింది. నఖ్త్ విషయంలో తిరగబడ్డ కథ ఒకటుంది. ఆయన సమాధిలో దొరికిన చిన్న విగ్రహాన్ని 1915లో న్యూయార్క్‌కు పంపుతుంటే, అరబిక్ అనే ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. విగ్రహం సముద్రంలో ఉంది, మనకు ఫొటో మిగిలింది.

నవంబరు

చివరి గీతలు. ఈజిప్టు పద్ధతిలో రంగులన్నీ నిండాక, మొదట గీసుకున్న ఎర్ర గీత ఎలాగూ కప్పుకుపోతుంది కాబట్టి, ఆకారాల చుట్టూ ముదురు ఎరుపుతో మళ్లీ గీయాలి. ముక్కు, పెదవి, వేళ్లు అప్పుడే పుడతాయి. అంతవరకూ పలక మీద ఉన్నవి మూడు గోధుమరంగు మచ్చలు.

గోడ ఫొటోను దగ్గరగా చూస్తే ఈ గీత ఒక చోట చిక్కగా మొదలై, పోను పోను పలచబడి, మళ్లీ ఉన్నట్టుండి చిక్కబడుతుంది. చిత్రకారుడు కుంచె ముంచుకున్న చోటు అది. నేను అవి వెతికి, నేనూ అక్కడే ముంచాలని నియమం పెట్టుకున్నాను. వీపు గీతను మెడ నుంచి మొదలుపెట్టి పిరుదు దాటేదాకా ఒక్క ముంపుతో లాగడం నా చేతికి అలవాటు లేని దూరం. మణికట్టు కదిలితే వణుకుతుంది, మోచేయి నుంచి లాగాలి. అలా లాగినప్పుడే గీత ఆయన గీతకు దగ్గరగా వచ్చింది. ట్రేసింగ్‌ను అనుసరిస్తూ నిదానంగా వేసిన చోట కొలతలు సరిగ్గా ఉన్నాయి కానీ, గీత చచ్చిపోయింది. పిల్లి నకలులో ఈ తేడా నాకు కనపడనే లేదు. నకలుకు నకలు వేస్తే ఆకారం దొరుకుతుంది, రంగు దొరుకుతుంది. చేతి వేగం మాత్రం ఆయన వాడిన వస్తువులు నా చేతిలోకి వచ్చాకే తెలిసింది.

ఇంకో తగువు మిగిలింది. అదే గదిలో ఇంకో గోడ మీద నఖ్త్ పడవెక్కి చేపలు పొడుస్తున్న బొమ్మ ఉంది. చేపలున్నాయి, పొడిచే భంగిమ ఉంది, చేతిలో ఈటె లేదు. ఎవరూ చెరపలేదు, ఆ చిత్రకారుడే వేయలేదు. దానికి నకలు వేస్తే, డేవిస్‌ల పద్ధతిలో ఖాళీ చేతినే వేయాలి. నా మట్టి పలక పద్ధతి, బొమ్మ వేసిన రోజు ఎలా ఉందో అలా వేయాలన్నది. ఆ రోజున కూడా ఈటె లేదు కదా. ఈటె వేసేస్తే అది నకలు కాదు, ఆయన పనిని నేను పూర్తిచేసినట్టు. చూసినవాళ్లలో సగం మంది వేయమన్నారు. వేయను.

ప్రస్తుతం: పిల్లికి ఫ్రేమ్ అయింది, అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ ఉంచి. అమ్మాయిల పలకకు హార్ప్ తీగలు మిగిలాయి, వాటిని స్కేలు పెట్టకుండా లాగాలి. వార్నిష్ వేయను, బంక రంగు మెరుపు వస్తే గోడలా ఉండదు. పుట్టమన్ను అర బస్తా మిగిలింది, అదే సమాధిలోని ద్రాక్ష పందిరికి సరిపోతుంది. గడ్డి ఈసారి పిన్ని చేతే కోయిస్తాను.